‘ఈడ అంటే ఏడ సార్?’ – ఆన్‌లైన్ పాఠం ప్రతి పిల్లకూ చేరాలంటే ఏం చేయాలి

ఒక సాయంత్రం పిల్లలకు ఆన్‌లైన్‌లో కృష్ణా నది పాఠం చెబుతున్నాను. స్క్రీన్ మీద మ్యాప్ పెట్టి, దాని మీద గీత గీస్తూ, ‘ఇగో, నది ఈడ మన రాష్ట్రంలోకి వస్తుంది. ఇట్ల తిరుగుతుంది. ఈడ ఇంకో నది వచ్చి కలుస్తుంది. ఈడ డ్యామ్’ అంటూ హుషారుగా చెప్పుకుంటూ పోయాను. ముప్పై మంది వింటున్నారు. దేవరకొండ దగ్గరి ఊరి నుంచి చేరిన ఒక అబ్బాయి మైక్ ఆన్ చేశాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. చాలా మర్యాదగా అడిగాడు: ‘సార్, ఈడ అంటే ఏడ సార్?’

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆ రాత్రి రికార్డింగ్ పెట్టుకుని ‘ఈడ’, ‘ఇది’, ‘ఇట్ల’ అని ఎన్నిసార్లు అన్నానో లెక్కబెట్టాను. నలభై ఒకటి. నలభై ఒక్కసార్లు ఆ పిల్లవాడు పాఠం బయటే నిలబడ్డాడు.

అప్పటి నుంచి నల్లగొండ, పాలమూరు పిల్లలతో పని చేస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. ట్యూషన్ చెప్పేవాళ్లు, స్కూలు, కాలేజీ టీచర్లు, వాట్సాప్ గ్రూపుల్లో పాఠాలు పంపే వాలంటీర్లు ఎవరైనా వాడుకోవచ్చు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే: బొమ్మ తీసేసినా మాటతో పాఠం అర్థం కావాలి, మాట తీసేసినా రాతతో అర్థం కావాలి, నెట్ పోయినా దాచుకున్న ఫైలుతో నడవాలి. కింద చెప్పే ప్రతి పనీ దీని కోసమే.

ఇంకో మాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మనం మాత్రం చూపు, వినికిడి, నడక అనే మూడింటి దగ్గరే ఆగిపోతాం. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది), ఆటిజం, సికిల్ సెల్, తలసేమియా అనే రక్తపు జబ్బులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సికిల్ సెల్ ఉన్న పిల్ల కొన్ని రోజులు నొప్పితో మంచం దిగలేదు. ఆమెకు కావలసింది పెద్ద అక్షరాలు కాదు, రికార్డింగ్. పైగా ఇబ్బంది ఉన్న పిల్లలందరి దగ్గరా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉండదు. కాగితం ఉంటేనే సాయం అనే షరతు మన క్లాసులో పెట్టకూడదు.

1. క్లాసు మొదలుపెట్టే ముందు అడగండి

మొదటి వారం పాఠం చెప్పకపోయినా పర్వాలేదు, ప్రతి ఇంటికీ ఒక ఫోన్ చేయండి. ‘మీ బాబుకు ఏం జబ్బు?’ అని అడిగితే తల్లి ఫోన్ పెట్టేస్తుంది, లేదా ‘ఏం లేదు సార్, మంచిగనే ఉన్నడు’ అంటుంది. అడగాల్సింది ఇలా: ‘అమ్మా, ఫోన్‌ల పాఠం వినేటప్పుడు వాడికి ఏది కష్టమైతది? చిన్న అక్షరాలు కనపడుతున్నయా? మాట సరిగ్గా వినపడుతదా? ఎంతసేపు కూర్చోగలడు?’ జబ్బు పేరు మనకు అవసరం లేదు. ఏది అడ్డం వస్తోందో తెలిస్తే చాలు.

తర్వాత ఫోన్ గురించి అడగండి. ఎవరిది, ఎప్పుడు ఇంట్లో ఉంటుంది, ఎంత డేటా వేయించుకుంటారు? పాలమూరు వైపు ఇది చాలా ముఖ్యం. తల్లిదండ్రులు పనికి వలస పోతే స్మార్ట్‌ఫోన్ కూడా వాళ్లతోనే పోతుంది. పిల్ల నానమ్మ దగ్గర ఉంటుంది, నానమ్మ దగ్గర బటన్ ఫోన్ ఉంటుంది. వలస పోని ఇంట్లో కూడా నాన్న పొలం నుంచి వచ్చేదాకా ఫోన్ చేతికి రాదు. పొద్దున పదింటికి లైవ్ క్లాసు పెట్టి ‘వీళ్లు రావట్లేదు’ అనుకోవడంలో అర్థం లేదు.

ఇంట్లో ఏం మాట్లాడతారో కూడా అడగండి. దేవరకొండ, అచ్చంపేట తండాల్లో ఇంటి భాష లంబాడీ. మహబూబ్‌నగర్ పట్నంలో చాలా ఇళ్లలో ఉర్దూ. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం వినిపిస్తుంది. ఆ పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకమే రెండో భాష. దాన్ని వైకల్యం అనకూడదు, కానీ పాఠానికి అడ్డం వచ్చే మాట నిజం. పాఠానికి ముందు ఓ పది కష్టమైన మాటలకు అర్థాలు వాయిస్ మెసేజ్‌గా పంపితే వాళ్లకు సగం బరువు తగ్గుతుంది. నది ‘సంగమం’ అంటే రెండు నదులు కలిసే చోటు అని ముందే విన్న పిల్ల, క్లాసులో ఆ మాట దగ్గర ఆగిపోదు.

ఈ వివరాలన్నీ మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి. గ్రూపులో ‘ఫలానా బాబుకు వినపడదు, అందరూ మెల్లగా మాట్లాడండి’ అని పెట్టకండి. అందరికీ కలిపి ‘ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి, పేరు చెప్పి మొదలుపెట్టండి’ అని నియమం పెడితే పని అయిపోతుంది, ఎవరి గుట్టూ బయటపడదు.

2. రాసింది ఫోన్ చదవగలిగేలా రాయండి

చూపు లేని పిల్లలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతారు. వేలితో తాకిన చోట ఏముందో ఫోన్ పైకి చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఒకసారి ఆన్ చేసి చూడండి. ఆఫ్ చేయడం తెలియక టెన్షన్ పడతారేమో, వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకునే షార్ట్‌కట్‌ను ముందే పెట్టుకోండి. టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో గూగుల్ ఇంజిన్ ఎంచుకుని తెలుగు గొంతు దించుకుంటే తెలుగు చక్కగా చదువుతుంది. కంప్యూటర్ ఉన్న పిల్లలకు ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2006 నుంచి అందుబాటులో ఉంది, తెలుగు కూడా చదువుతుంది.

అయితే ఈ గొంతు చదవాలంటే మనం పంపింది అక్షరాల రూపంలో ఉండాలి. మన దగ్గర పెద్ద చిక్కు ఇక్కడే. నోట్స్ చాలావరకు డీటీపీ సెంటర్లలో పాత తెలుగు ఫాంట్లతో టైపు చేసినవి. కంటికి చక్కటి తెలుగులా కనపడతాయి, కానీ ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ. టాక్‌బ్యాక్ వాటిని ఉన్నదున్నట్టు చదువుతుంది, పిల్లవాడికి వినపడేది అర్థం లేని గోల.

మీ ఫైలు ఏ రకమో తెలుసుకోవడం చాలా తేలిక. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగానే వస్తే అది యూనికోడ్, పంపవచ్చు. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంట్. అసలు కాపీయే కాకపోతే అది ఫోటో. ఈ రెంటికీ మందు ఒకటే: ఆ పేజీల ఫోటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో ‘ఓపెన్ విత్’ నొక్కి గూగుల్ డాక్స్‌తో తెరవండి. ఫోటో కిందే అక్షరాలు టైపు అయి వస్తాయి. ఒత్తుల్లో, అంకెల్లో తప్పులుంటాయి కాబట్టి ఒకసారి కూర్చుని సరిచూడాలి. పది పేజీలకు గంట పడుతుంది. ఆ గంట పెడితే ఆ నోట్స్ ఆ పిల్లవాడికి ఏళ్ల తరబడి పనికొస్తుంది.

కొత్తగా టైపు చేసేటప్పుడు ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డు పెట్టుకుని మైక్ నొక్కి తెలుగులో మాట్లాడండి, యూనికోడ్‌లోనే వస్తుంది.

గ్రూపు మెసేజ్‌ల విషయంలో రెండు అలవాట్లు మానుకోవాలి. ఒకటి, ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు రాయడం. ‘రేపు క్లాసు ఆరింటికి’ అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే ఫోన్ దాన్ని ఇంగ్లీష్ మాటలనుకుని చదువుతుంది. రెండు, అలంకారాలు. పది పువ్వుల ఎమోజీలు పెడితే ఫోన్ ఆ పదింటినీ పేరు పేరునా చదువుతుంది. క్లాసు లింకు దాకా వచ్చేసరికి పిల్లకు ఓపిక అయిపోతుంది.

చూపు తక్కువగా ఉన్నవాళ్ల అవసరం వేరే. తెలుగు లిపిలో తేడాలు చాలా చిన్నవి. ద–ధ, బ–భ, చ–ఛ మధ్య తేడా అక్షరం అడుగున ఉండే చిన్న గీత. మ–య చిన్న సైజులో ఒకేలా ఉంటాయి. ‘రాష్ట్రం’, ‘శాస్త్రం’ లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వచ్చి కింది వరసకు తగులుకుంటుంది. అందుకని స్లైడ్ మీద తెలుగు అక్షరాలు ఇంగ్లీష్ కన్నా ఒక మెట్టు పెద్దవిగా పెట్టండి, వరసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం ఇవ్వండి. స్లైడ్‌కు ఐదారు వరసలు మించొద్దు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి సాదా ఫాంట్లు వాడండి. పెళ్లి కార్డుల ఫాంట్లు పాఠానికి పనికిరావు.

రంగుల విషయానికొస్తే, వెబ్ ప్రమాణాల ప్రకారం అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కు 1 ఉండాలి. తెలుపు మీద నలుపో ముదురు నీలమో పెడితే లెక్క చూసే పనే లేదు. తెలుపు మీద పసుపు, లేత ఆకుపచ్చ మాత్రం వద్దు. ‘ఎర్ర రంగులో ఉన్నవి తప్పులు, పచ్చ రంగులో ఉన్నవి ఒప్పులు’ అని వదిలేయకండి. ఆ రెండు రంగుల తేడా తెలియని పిల్లలు ఉంటారు. పక్కన ‘తప్పు’, ‘ఒప్పు’ అని మాటలు రాయండి.

3. బొమ్మను మాటల్లో చెప్పడం నేర్చుకోండి

ఇక ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు. మ్యాప్‌ను బస్సు రూటు చెప్పినట్టు చెప్పాలి. ఎక్కడ ఎక్కాం, ఏ స్టాపులు దాటాం, ఎటు తిరిగాం. కృష్ణా నది పాఠం ఇప్పుడు ఇలా చెబుతున్నాను:

‘కృష్ణా నది కర్ణాటక నుంచి నారాయణపేట జిల్లాలో తంగడి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. అది మన రాష్ట్రానికి నైరుతి మూల. ఉత్తరం నుంచి వచ్చే భీమా నది ఆ దగ్గర్లోనే దీంట్లో కలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు పోతే జూరాల ప్రాజెక్టు. ఇంకా ముందుకు, అలంపూర్ దాటాక, కుడి చేతి వైపు నుంచి తుంగభద్ర వచ్చి కలుస్తుంది. అప్పటి నుంచి చాలా దూరం ఈ నదే తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ మధ్య హద్దు. తర్వాత నల్లమల కొండల మధ్య లోయలో దూరుతుంది. అక్కడ శ్రీశైలం డ్యామ్. కొండలు దాటి వచ్చాక మన నల్లగొండ జిల్లా దగ్గర నాగార్జునసాగర్.’

గీత గీయడం మానలేదు, చూడగలిగేవాళ్లకు అది కావాలి. కానీ గీత మీదే ఆధారపడటం మానేశాను. ఇలా చెప్పినప్పటి నుంచి చూపు ఉన్న పిల్లలు కూడా పరీక్షలో నది దారిని వరస తప్పకుండా రాస్తున్నారు. పోను పోను నాకు అర్థమైంది ఏమిటంటే, వాళ్లు కూడా ఇదివరకు బొమ్మ చూశారే గానీ దారి వినలేదు.

చేతితో తడిమి తెలుసుకునే మ్యాప్ ఇంట్లోనే చేయించవచ్చు. క్లాసుకు రెండు రోజుల ముందు ఇంటికి వాయిస్ మెసేజ్ పంపుతాను: పాత నోట్‌బుక్ అట్ట తీసుకోండి, నది దారిలో ఉన్ని దారం గమ్‌తో అంటించండి, ఉపనది కలిసే చోట ముడి వేయండి, డ్యామ్ ఉన్న చోట చింతగింజ అతికించండి. ఆ అబ్బాయి వాళ్ల అక్క చేసిచ్చింది. క్లాసులో నేను ‘జూరాల’ అనగానే అటు నుంచి ‘మొదటి గింజ సార్’ అని వినపడింది.

ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో కింద క్యాప్షన్ రాసే చోటుంది కదా, బొమ్మలో ఏముందో అక్కడ రెండు మూడు వాక్యాల్లో రాయండి. టాక్‌బ్యాక్ దాన్ని చదువుతుంది. గూగుల్ డాక్స్, పవర్‌పాయింట్‌లో అయితే బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఆల్ట్ టెక్స్ట్’ అని వస్తుంది, వివరణ అక్కడ రాయాలి. ‘గుండె బొమ్మ’ అని రాసి వదిలేస్తే లాభం లేదు. ‘గుండెలో నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఎడమ జఠరిక గోడ అన్నింటికన్నా మందం’ అని రాస్తే అది పాఠం. బొమ్మ కేవలం అందం కోసమే అయితే వర్ణన అక్కర్లేదు, అసలు ఆ బొమ్మే అక్కర్లేదేమో చూసుకోండి.

లెక్కల టీచర్లకు ఒక మనవి. బోర్డు మీద రాస్తూ ‘దీన్ని దీంతో భాగిస్తే ఇది వచ్చింది’ అనకండి. ‘ఎక్స్ ప్లస్ మూడు, ఈ మొత్తాన్ని రెండుతో భాగిస్తే’ అనండి. ‘ఈ మొత్తాన్ని’ అనే చిన్న మాట లేకపోతే, వినే పిల్లకు భాగించింది మూడునొక్కదాన్నేనా, అంతటినా అన్నది తెలియదు.

4. వినపడని పిల్లల కోసం

పెదాలు చూసి అర్థం చేసుకుంటారులే అనుకుంటాం. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా ‘పల్లి, బల్లి, మల్లి’ అని చూడండి. పెదాలు మూడింటికీ ఒకేలా కదులుతాయి. గింజా, గోడ మీది ప్రాణా, పువ్వా అన్నది పెదాలు చెప్పవు, సందర్భం చెప్పాలి. ఆ సందర్భం రాతలో దొరకాలి.

కాబట్టి పాఠంలోని ముఖ్యమైన మాటలు, పేర్లు, సంవత్సరాలు మాట్లాడుతున్నప్పుడే స్క్రీన్ మీద కనపడాలి. లైవ్‌లో చాట్‌లో కొట్టినా సరే. మీ ముఖం మీద వెలుగు పడేలా కూర్చోండి, కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. చేయి నోటికి అడ్డం పెట్టొద్దు. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడొద్దు. రాయండి, ఇటు తిరగండి, అప్పుడు చెప్పండి. పిల్లలకు ఒక క్షణం ఎక్కువ పడుతుంది, ఆ క్షణం ఇవ్వండి.

గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే ఉచిత ఆప్ తెలుగు మాటను అప్పటికప్పుడు అక్షరాల్లో చూపిస్తుంది. పిల్ల దగ్గర రెండో ఫోన్ ఉంటే, పాఠం వచ్చే ఫోన్ పక్కన దాన్ని పెట్టి చదువుకోవచ్చు. మన యాసలో వేగంగా మాట్లాడితే తప్పులు చాలా వస్తాయి, వాక్యాలు పొట్టిగా, నిదానంగా చెబితే బాగా పట్టుకుంటుంది. ఈ ఆప్ ఉందని నోట్స్ పంపడం మానకండి.

రికార్డు చేసిన వీడియోలకు యూట్యూబ్ స్టూడియోలో సబ్‌టైటిల్స్ అనే చోటుంది. భాష తెలుగు అని ఎంచుకుని వరసలు వరసలుగా టైపు చేసుకోవచ్చు. ముందే పాఠం రాసుకుని చెప్పేవాళ్లకు ఇది కాపీ, పేస్ట్ పని. పది నిమిషాల పాఠానికి నాకు ఒక పూట పడుతోంది. అన్ని వీడియోలకూ కుదరకపోతే, పిల్లలు ఎక్కువగా తడబడే పాఠాలతో మొదలుపెట్టండి.

సైగల భాష వచ్చిన పిల్లలకు రాత కూడా పరాయిదే, ఇది చాలామందికి తట్టదు. భారతీయ సంజ్ఞా భాష ఒక సొంత భాష, దాని వాక్య నిర్మాణం తెలుగులా ఉండదు. 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువును వీడియోలుగా ఉచితంగా పెట్టింది. కేంద్రం నడిపే పీఎం ఈ-విద్య టీవీ ఛానెళ్లలో 31వది సంజ్ఞా భాషకే కేటాయించినది. పాఠానికి ముందు ఐదారు ముఖ్యమైన మాటల సైగలు ఆ నిఘంటువులో చూసి నేర్చుకోండి. ‘నది’, ‘కలవడం’, ‘సరిహద్దు’ అనే సైగలు మీరు చేసి చూపించిన రోజు ఆ పిల్ల ముఖం ఎలా వెలిగిపోతుందో మీరే చూస్తారు. క్లాసులో సైగలు చేసే మనిషి ఉంటే, మీట్‌లో గానీ జూమ్‌లో గానీ ఆ మనిషి వీడియోను పిన్ చేసుకోవడం పిల్లకు ముందే నేర్పండి.

5. చేతులు, ఒళ్లు, కెమెరా

మర్రిగూడ, మునుగోడు, చండూరు పల్లెలు ఫ్లోరైడ్ నీళ్లతో ఎంత నలిగాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది, మన జిల్లా పేరు లోకానికి అలా తెలిసింది. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి. కానీ కీళ్లు బిగుసుకున్న మనుషులు ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నారు, వాళ్లలో చదువుకునేవాళ్లూ ఉన్నారు.

వేళ్లు వంగని విద్యార్థికి ఫోన్‌లో టైపు చేయడం, చిన్న బటన్ నొక్కడం కష్టం. మెడ వంచి గంట కూర్చోవడం ఇంకా కష్టం. జవాబు వాయిస్ మెసేజ్‌గా పంపనివ్వండి. జీబోర్డు మైక్‌తో మాట్లాడి టైపు చేయడం నేర్పండి. ఇరవై నిమిషాలకోసారి రెండు నిమిషాలు ఆపి ‘లేచి ఒళ్లు విరుచుకోండి’ అని అందరికీ చెప్పండి. పడుకుని విన్నా తప్పు లేదని ముందే చెప్పేయండి.

కెమెరా గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఫ్లోరైడ్ వల్ల పళ్లకు గోధుమరంగు మచ్చలు పడిన పిల్లలు నవ్వడానికే జంకుతారు. ముప్పై మంది ముందు ముఖం పెద్దగా కనపడే స్క్రీన్ వాళ్లకు శిక్ష. ఒకే గది ఇల్లు, వెనక వంట చేస్తున్న అమ్మ, మంచం మీద తాత, ఇవి చూపించడం ఇష్టం లేనివాళ్లూ ఉంటారు. ‘కెమెరా ఆన్ చేస్తేనే హాజరు’ అనే రూలు తీసేయండి. పిల్ల వింటోందో లేదో తెలియాలంటే మధ్యలో ప్రశ్న అడగండి, చాట్‌లోనో వాయిస్‌లోనో జవాబు వస్తుంది.

6. చదవడం, గుర్తుపెట్టుకోవడం కష్టమైనవాళ్లు

డిస్లెక్సియా ఉన్న పిల్ల తెలివి తక్కువది కాదు. ఆమెకు దీర్ఘాలు, ఒత్తులు తారుమారవుతాయి, వరస తప్పిపోతుంది. ఆమెకు నోట్స్‌తో పాటు అదే నోట్స్ మీ గొంతులో చదివి పంపండి, వింటూ వేలు పెట్టి చదువుతుంది. క్లాసులో పైకి చదవమని మాత్రం ఉన్నట్టుండి అడగకండి.

నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకు ఒకసారి ఒక్క పనే చెప్పాలి. ‘పుస్తకం తెరిచి 42వ పేజీలో బొమ్మ చూసి పేర్లు రాసి ఫోటో తీసి పంపండి’ అంటే అది ఐదు పనులు. ఒకటి చెప్పి, అయిందా అని అడిగి, రెండోది చెప్పండి. తెలిసిన వస్తువుతో మొదలుపెట్టండి. భిన్నాలు చెప్పేటప్పుడు జొన్న రొట్టె నాలుగు ముక్కలు చేసి చూపిస్తే చాలామందికి వెంటనే పట్టుబడుతుంది.

ఆటిజం ఉన్న పిల్లకు మార్పు భయం. క్లాసు ప్రతిరోజూ ఒకే వరసలో నడిపించండి: పలకరింపు, నిన్నటి పాఠం, ఇవాళ్టి పాఠం, ప్రశ్నలు. సమయం మారితే ముందు రోజే చెప్పండి. వీడియో మొదట్లో పెద్ద మోత మ్యూజిక్ పెట్టకండి. మెరుపులు సెకనుకు మూడుసార్లకు మించి రాకూడదు, మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం కూడా.

7. సిగ్నల్ లేని ఊళ్లకు

2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ టీవీ ఛానెళ్లలో వేశారు. నెట్ అందని ఇళ్లకు టీవీ అందింది. నల్లమల అంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో), గుట్టల మధ్య తండాల్లో ఇప్పటికీ లైవ్ వీడియో నిలబడదు. కాబట్టి లైవ్‌ను అదనం అనుకోండి, రికార్డింగే అసలు పాఠం అనుకోండి.

గంట వీడియో ఒక్కటి పంపే బదులు ఏడెనిమిది నిమిషాల ముక్కలు చేయండి. దాంతో పాటు ఆడియో ఒక్కటే వేరుగా పంపండి, దానికి డేటా చాలా తక్కువ పడుతుంది. యూనికోడ్‌లో టైపు చేసిన నోట్స్ మూడోది. ఈ మూడూ ఒకే పేరుతో, నంబరుతో ఉండాలి: ‘సాంఘికం 7 కృష్ణా నది’. చూపు లేని పిల్ల ఫైలు పేరు విని తెరుస్తుంది. కెమెరా పెట్టిన పేరుతో ‘వీడియో’ తర్వాత పద్నాలుగు అంకెలుంటే ఆమె ఏది ఏమిటో తెలుసుకోలేదు. బటన్ ఫోన్ ఉన్న పిల్లకు వారానికి రెండుసార్లు మీరే కాల్ చేసి పది నిమిషాలు మాట్లాడండి. నా అనుభవంలో ఆ పది నిమిషాలు గంట వీడియోకన్నా ఎక్కువ పని చేశాయి.

మంచి కెమెరా కొనే డబ్బు ఉంటే దానితో మైక్ ఉన్న మంచి ఇయర్‌ఫోన్ కొనండి. ఫ్యాను మోత, రోడ్డు మోత కలిసిన గొంతు వినికిడి తక్కువున్న పిల్లలకు అసలు అర్థం కాదు.

8. పరీక్ష

పాఠం అందించి పరీక్షలో తలుపు మూస్తే అంతా వృథా. వైకల్యం ఉన్న అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. మన చిన్న టెస్టుల్లో కూడా అదే లెక్క పాటించండి: గంట పరీక్ష ఎనభై నిమిషాలు. ఇంకా మంచిది, టైమర్‌ను అందరికీ తీసేయడం. టైపు చేసి పంపవచ్చు, రాసి ఫోటో పంపవచ్చు, వాయిస్‌లో చెప్పవచ్చు. ఏది పంపినా మార్కులు ఒకటే. మనం చూడాల్సింది పిల్లకు నది దారి తెలుసా అన్నది, టైపింగ్ వచ్చా అన్నది కాదు. గూగుల్ ఫారంలో టెస్టు పెడితే ప్రశ్న అక్షరాల్లోనే ఉండాలి, ప్రశ్నపత్రం ఫోటో అతికించకండి.

9. ఎవరిని అడగాలి

మండల కేంద్రంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. అక్కడి ప్రత్యేక టీచర్లు (వీళ్లను ఐఈఆర్పీలు అంటారు) ఆ మండలంలో ఏ పిల్లకు ఏం అవసరమో ఎరిగినవాళ్లు, ఇళ్లకు కూడా వెళతారు. మానసిక ఎదుగుదల విషయంలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది. వినికిడి పరీక్షలకు అక్కడే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. చూపు కొంత మిగిలి ఉన్న పిల్లలను హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి లో-విజన్ విభాగానికి తీసుకెళ్లమని ఇంట్లో చెప్పండి. సరైన భూతద్దం ఒక్కటి దొరికినా పిల్ల పుస్తకం తనే చదువుకోవచ్చు.

10. పంపే ముందు మూడు పరీక్షలు

మీ పాఠం తయారయ్యాక, పంపే ముందు ఇవి చేయండి. మొదటిది, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు వినండి. ‘ఇది’, ‘ఇక్కడ’ అన్న ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టండి. రెండోది, గొంతు పూర్తిగా తగ్గించి ఐదు నిమిషాలు చూడండి. పాఠం దేని గురించో స్క్రీన్ మీది రాతను బట్టే తెలియాలి. మూడోది, ఇంట్లో ఉన్న అన్నింటికన్నా చిన్న, పాత ఫోన్ తీసుకుని మధ్యాహ్నం ఎండలో వాకిట్లో నిలబడి తెరవండి. చేను గట్టు మీద కూర్చుని చూసే పిల్లకు అలాగే కనపడుతుంది.

తేలిన లోపాలన్నీ ఒకేసారి సరిచేయాలని కూర్చోకండి, అలసిపోయి వదిలేస్తారు. ఒక పాఠం తీసుకోండి, గీతలు ఎక్కువ పడిన రెండు నిమిషాలు మాత్రమే మళ్లీ రికార్డు చేసి అతికించండి. తర్వాత ఆ పాఠాన్ని ఇబ్బంది ఉన్న పిల్లకే మొదట పంపి, ఎక్కడ ఆగిపోయావు అని అడగండి. నేను కృష్ణా నది పాఠం అలాగే ముందు ఆ అబ్బాయికి పంపాను. మర్నాడు అతని వాయిస్ మెసేజ్ వచ్చింది: ‘సార్, సాగర్ తర్వాత నది ఏడికి పోతదో చెప్పలేదు.’ ఆ భాగం అదే రోజు కలిపాను, అట్ట మీద దారం కూడా ఇంకో జానెడు పొడిగించమని వాళ్ల అక్కకు చెప్పాను.